లోపలి నుంచి గడియ

ఆ ఏడాది వానలు పట్టుకునేసరికి మా చిన్నవాడికి తొమ్మిదో నెల. పెద్దది, కూతురు, ఐదో ఏట పడింది. నేను అరకు దగ్గర ఒక కొండ ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా ఆయనకి సాలూరులో లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ ఆ రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ.

పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే ఆవిడ నాట్లు మొదలవగానే మానేసింది. సొంత పొలం పని వదిలి నా పిల్లల్ని పట్టుకు కూర్చోమని ఎలా అడుగుతాను? చిన్నవాణ్ని చంకనేసుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని నేనే బడికి తీసుకుపోయేదాన్ని. తొమ్మిదింటికల్లా ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. సిగ్నల్ బడి వెనక మెట్ట మీద మాత్రమే వస్తుంది. ఉతికిన బట్ట మూడు రోజులకి కూడా ఆరేది కాదు. ఇద్దరికీ దగ్గు. వాడు నిద్రపోతే ఇది లేచేది, ఇది నిద్రపోతే వాడు లేచేవాడు.

నేను కొట్టే మనిషిని కాదనుకునేదాన్ని. బళ్లో ఏ పిల్లవాడి మీదా చెయ్యి ఎత్తి ఎరగను. అలాంటిది ఆ వానల్లో ఒకరోజు, తమ్ముడి మీద మూత విసిరిందని, నా కూతురి వీపు మీద ఒక్కటి చరిచాను. స్నానం చేయించేటప్పుడు చూస్తే వేళ్ల అచ్చులు కనబడ్డాయి. ఇంకెప్పుడూ కొట్టనని దానికి చెప్పాను. రెండు రోజులకే మళ్లీ కొట్టాను. మళ్లీ కొట్టనని చెప్పాను. కోపం వస్తే బయటికి పోయి ఇరవై దాకా లెక్కపెట్టమని ఫోనులో ఎవరో చెప్పగా విన్నాను. అదైనా చేద్దామనుకున్నాను.

ఆ గురువారం పొద్దున్న ఎనిమిది దాటింది. పొయ్యి మీద పాలు. చిన్నవాడు ముక్కు కారుతూ ఏడుస్తున్నాడు. ఇస్త్రీ పెట్టెతో ఒక్కొక్కటీ ఆరబెట్టిన బట్టలు చాప మీద కుప్పగా ఉన్నాయి. ఇంట్లో పొడిబట్టలంటే అవే. గౌను తొడగబోతే పెద్దది పేచీ పెట్టింది. "తడిగా ఉందమ్మా, నాకొద్దు" అని కాళ్లు తన్నుకుంది. కాలు తగిలి గిన్నెలో చోడి జావ మొత్తం ఆ బట్టల కుప్ప మీద ఒలికింది.

నా చెయ్యి లేచింది. అది రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. ఎప్పుడు నేర్చుకుందో ఆ అడ్డం పెట్టుకోవడం!

బయటికొచ్చేశాను. తలుపు దగ్గరికి లాగి, చూరు కింద నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పన్నెండో పదమూడో అన్నానేమో, వెనకాల గడియ పడిన చప్పుడు వినిపించింది.

"తలుపు తియ్యమ్మా."

లోపల చిన్నవాడి ఏడుపు ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చాయి, పొయ్యి మీద పాలు. తలుపు బాదాను. "తీస్తావా లేదా? ఇప్పుడు తియ్యకపోయావో, తోలు తీసేస్తాను!" అని అరిచాను. ఇంటి వెనక్కి పరుగెత్తి వంటగది కిటికీలోంచి చూశాను. పాలు పొంగి గట్టంతా కారుతున్నాయి. మంట ఆరిపోయింది. బుస్సుమని గ్యాసు వస్తూనే ఉంది. పొయ్యి అవతలి గోడకి ఉంది. ఊచల మధ్య నుంచి ఎండుకర్ర దూర్చి మీట తిప్పబోతే కర్ర కొస విరిగింది. చిన్నవాడు గడప మీదుగా వంటగదిలోకి పాకి వస్తున్నాడు. గ్యాసు నేల మీదికే దిగుతుందని నేను బళ్లో పిల్లలకి పాఠం చెప్పినదాన్నే.

మళ్లీ ముందుకి పరుగెత్తాను. ముందు కిటికీలోంచి నా కూతురు కనబడింది. మూలన గోడకి అతుక్కుని, చెవులు మూసుకుని నిలబడి ఉంది. నేను అరిచినకొద్దీ ఇంకా మూలకి ఒదిగిపోయింది.

నా అరుపులు విని పై ఇంటావిడ పాలిథిన్ కాగితం నెత్తిన కప్పుకుని దిగి వచ్చింది. కొండవాలున కాఫీ, మిరియాలు పండించుకునే మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆ వైపు అక్కని అప్ప అంటారు. నేనూ అప్పా అనే పిలిచేదాన్ని.

"ఏటైనాది టీచరమ్మా? ఎందుకలగ అరుత్తన్నావు?"

"పిల్లలు లోపలుండిపోయారప్పా. గ్యాసు వచ్చేస్తోంది. గునపం ఉంటే తే, తలుపు బద్దలు కొట్టేద్దాం."

ఆమె గాలి పీల్చి చూసింది. "గునపం గడియకి తగిలితే నిప్పు లేత్తాది. ఆగు." కిటికీలోంచి ఒక్కసారి లోపలికి చూసింది. "గుంటకి గడియ తియ్యడం వచ్చునా?"

"వచ్చు. పిల్ల రోజూ తీస్తుంది."

"మరయితే రాక కాదు. నీకు బయపడి తియ్యట్నేదు. నువ్వు ఇక్కడ్నించి పో. ఆ పనసచెట్టు కాడ నిలబడు. నోరిప్పకు."

పిల్లలు గ్యాసులో ఉంటే తలుపు వదిలి దూరంగా నడవడం! ఆ పాతిక అడుగులూ ఎలా నడిచానో నాకే తెలియదు. చెట్టు కింద నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆమె గుమ్మం ముందు గొంతుక్కూర్చుంది. "గుంటా, నాను, పైంటి పెద్దమ్మని. మీ అమ్మ ఇక్కడ నేదు. చెట్టు కాడ తడిసిపోతంది. కిటికీలోంచి సూడు."

చిన్న మొహం ఊచల వెనక కనబడింది. నన్ను చూసింది.

"కొడుతుందా?"

"కొట్టదు."

"అమ్మని చెప్పమను."

"కొట్టనమ్మా" అన్నాను.

"మొన్న కూడా కొట్టనన్నావు" అంది నా కూతురు.

దానికి అప్పే జవాబిచ్చింది. "సరే, మీ అమ్మ మాట వద్దు. నాను గుమ్మంలో కూకున్నాను. నన్ను దాటి ఎలగ వత్తాదో సూత్తాను. తమ్ముడేటి సేత్తన్నాడు?"

"దగ్గుతున్నాడు."

"కంపు కొడతంది కదమ్మా, అందుకే. స్విచ్చి ముట్టుకోకు. ముందు తలుపు తియ్యి, బేగి."

గడియ రెండుసార్లు కిర్రుమంది. మూడోసారి వచ్చింది.

అప్ప లోపలికి పోయి మీట కట్టేసింది. కిటికీలన్నీ తెరిచి, చిన్నవాణ్ని ఎత్తుకుని బయటికొచ్చింది. వాడు వానలో నాలుగుసార్లు దగ్గి మళ్లీ ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు వినగానే అక్కడే బురదలో కూలబడ్డాను. పెద్దది మాత్రం నా దగ్గరికి రాలేదు. అప్ప చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆమె వెనకే నిలబడింది.

ఆ రోజు బడికి పోలేదు. అప్ప పిల్లలిద్దరికీ తన ఇంట్లోనే అన్నం పెట్టింది. నన్ను తిట్టలేదు. "నానూ కొట్టీదాన్నే నా పిల్లల్ని" అంది. "ఒక్కత్తివి ఇద్దర్ని ఎలగ సాకుతావు? నన్ను పిలవనేదేటి?"

"నీకు మాత్రం పనులుండవా అప్పా?"

"ఉంటే ఉన్నాయంటాను. పిలవడానికేటి?"

మధ్యాహ్నం మెట్ట ఎక్కి మా ఆయనకి ఫోను చేశాను. గ్యాసు సంగతి మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. కానీ గడియ ఎందుకు పడిందో కూడా చెప్పాను. "దాన్ని ఎన్నిసార్లు కొట్టావు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. మర్నాడే సెలవు పెట్టి వచ్చి, వారం రోజులుండి, బట్టలు ఉతికాడు, వంట చేశాడు. తరవాత ఓనరుతో గొడవపడి బుధవారాలు కూడా వచ్చేటట్టు చేసుకున్నాడు. పొద్దున్న నేను తయారయ్యేదాకా పిల్లలు అప్ప ఇంట్లో ఉండేవారు. అలమరలోంచి ఏదైనా తీయడానికి నేను చెయ్యెత్తితే నా కూతురు ఉలిక్కిపడటం మాత్రం చలికాలం దాకా పోలేదు.

ఆ ఉలికిపాటు పూర్తిగా పోయాక, కాఫీ పళ్లు కోసే రోజుల్లో, మళ్లీ ఒకసారి దాన్ని కొట్టాను. మెల్లగానే, కానీ కొట్టాను. ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే పై ఇంటికి పోయి అప్పతో చెప్పాను. ఆమె పళ్లు ఏరుతున్న చేత్తోనే పీట నా వైపు జరిపింది. కూర్చున్నాను.