ఏడాది దాటిన తాయెత్తు

కడపలో పెళ్లిపత్రికలు అచ్చేసే దాదా ఖలందర్ దుకాణం తెరవగానే పాత కంప్యూటర్ దుమ్ము తుడిచి, దానికి కట్టిన తాయెత్తును కళ్లకద్దుకుంటాడు. అందులోని ఆపరేటింగ్ సిస్టంకు అప్‌డేట్లు ఆగిపోయి పదేళ్లు దాటింది. "వైరస్సొస్తే అంతా పోతాది, మార్చు భాయ్" అని మెకానిక్కు మురళి మొత్తుకుంటే, "కొత్తదాంట్లో నా తెలుగు అక్షరాలు రావప్పా" అంటాడు. ఎవరు పెన్‌డ్రైవు తెచ్చినా బిస్మిల్లా అని మూడుసార్లు ఊది మరీ గుచ్చుతాడు. మొన్న అలా గుచ్చిన పెన్‌డ్రైవులోంచే వైరస్సు దిగి, అచ్చుకు సిద్ధంగా ఉన్న పదకొండు పెళ్లిళ్ల పత్రికలు తెరుచుకోకుండా పోయాయి. మురళి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఖలందర్ తాయెత్తును అటూ ఇటూ తిప్పి చూసి, నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదేలేప్పా. పోయిన ఉరుసుకే మార్చాల్సింది. ఏడాది దాటినాక ఇది మాత్రం యాడ కాపాడ్తాది?"