పిచ్చుకల టీము తొమ్మిదో ఏడు

నా చిన్నప్పుడు, ఆటకు నెలనెలా జీతమిచ్చే ఊళ్లు కూడా ఉంటాయని మాకు మొదట చెప్పినవాడు సున్నం తాత. ఆడుకుని ఆలస్యంగా ఇంటికెళ్తే వీపు విమానం మోత మోగే రోజులవి. ఆడినందుకు డబ్బులిస్తారంటే నోళ్లు తెరుచుకుని విన్నాం.

తాత యూనివర్సిటీ మైదానంలో పనిచేసేవాడు. గడ్డి కోసేవాడు, నీళ్లు పట్టేవాడు, పోటీలున్నప్పుడు సున్నంతో గీతలు వేసేవాడు. చేతులూ, పంచె అంచూ, ఒక్కోసారి కనుబొమలూ తెల్లగా ఉండేవి. అందుకే మేము ఆ పేరు పెట్టాం. అసలు పేరు మాలో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మా నాన్నగారు యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగి. గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో కాపురం పెట్టారు. సాయంత్రం బడి నుంచి రాగానే నేను పుస్తకాల సంచి మంచం మీదికి విసిరేసి మైదానానికి పరుగెత్తేదాన్ని. పదమూడేళ్ల ఆడపిల్లకు మగపిల్లలతో ఆటలేమిటని అమ్మ రోజూ గొణిగేది. నేను వినిపించుకునేదాన్ని కాదు. ఎందుకంటే మా తొమ్మిది మందికీ నేనే కెప్టెన్ని.

ఆడేది బేస్‌బాల్. మేము పుట్టకముందెప్పుడో ఒక అమెరికా ప్రొఫెసరు పాఠాలు చెప్పడానికి వచ్చి ఏడాదిపాటు క్యాంపస్‌లో ఉన్నాడట. ఆదివారాల్లో విద్యార్థులను పోగుచేసి ఈ ఆట ఆడించేవాడట. వెళ్తూ వెళ్తూ ఒక గుండ్రటి బ్యాటూ, నాలుగైదు తోలు గ్లవ్‌లూ, మొహానికి తగిలించుకునే ఇనప జాలీ ఒకటీ తాత చేతిలో పెట్టి పోయాడు. విద్యార్థులు ఆ ఆట మరిచిపోయారు. తాత మరవలేదు. మైదానం మూలన నాలుగు మూలల గడి గీసి, క్వార్టర్స్ పిల్లల్నీ, హాస్టళ్ల వెనక ఉండే పనివాళ్ల పిల్లల్నీ పిలిచి నేర్పాడు. ఒకరు బంతి విసిరితే ఒకరు కొట్టాలి. కొట్టినవాళ్లు నాలుగు మూలలూ చుట్టి రావాలి. కొట్టేవాడి వెనక జాలీ తగిలించుకుని ఒకడు గొంతుక్కూర్చుంటాడు. తప్పిన బంతిని పట్టడం వాడి పని. అతన్ని క్యాచర్ అంటారు.

మా క్యాచర్ హాస్టల్ మెస్సులో వంట చేసే ఆయన కొడుకు. నాకన్నా రెండేళ్లు చిన్న. పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. వాడికి ఆ స్థానం ఇచ్చింది తాతే. కూర్చుని పట్టేటోనికి కాళ్లతోటి ఏం పని, కండ్లతోటి పని అనేవాడు. బంతి విసిరేది మా పక్కింటి అక్క. ఆమెది ఎడమచేతి వాటం. ఇంట్లో ఎడమచేత్తో గరిటె పట్టుకుంటే వాళ్లమ్మ చెయ్యి మీద కొట్టేది.

ఆట అయ్యాక తాత రాతి రోలరు మీద కూర్చుని పిచ్చుకల టీము చరిత్ర చెప్పేవాడు. అది ఆ ప్రొఫెసరు ఊరి టీమట. జీతాలిచ్చి ఆడించే టీము. రోజుకొక ఏడాది చొప్పున, ఒక్కోసారి ఒకే ఏడాది వారం రోజుల పాటు సాగేది. మొదటి ఏడు వాళ్లకు మైదానమే లేదు. మక్కచేను కోసిన నేలలో ఆడితే మోళ్లు అరికాళ్లకు గుచ్చుకునేవి. ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. రెండో ఏడు టీము యజమాని భార్య అందరి చొక్కాల మీదా పిచ్చుకను కుట్టింది. అది కోడిపిల్లలా వచ్చింది. ఊరూరా జనం కొక్కొరొకో అని కూసినా వాళ్లు ఆ చొక్కాలు విప్పలేదు. మూడో ఏడు ఎడమచేత్తో విసిరేవాడొకడు వచ్చాడు. వాడి తల్లి ఆ చేతికి పగలంతా గుడ్డ చుట్టి కట్టేసేదట. వాడు ముడి విప్పుకుని ఆటకు వచ్చేవాడట. అది విన్న రోజు పక్కింటి అక్క ఇంటికి వెళ్లేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తూ నడిచింది.

ఆరో ఏడు కుంటి క్యాచర్ వచ్చాడు.

ఆ టీము వాళ్లు పొద్దున్నే జొన్నరొట్టెలూ ఎర్రకారమూ తినేవారు. వాళ్ల బస్సు రైలుగేటు దగ్గర ఆగిపోయేది. అమెరికాలో జొన్నరొట్టెలా తాతా అని నేనోసారి అడిగాను. “ఆకలైతే ఏ దేశమైతేంది బిడ్డా” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కథలో మాలో ఉన్నట్టే ఎడమచేతివాడున్నాడు, కుంటివాడున్నాడు, నత్తివాడున్నాడు, లావుపాటివాడున్నాడు. నాలా అందరికన్నా బాగా కొట్టే ఆడపిల్ల లేదు. అది నన్ను లోపల గుచ్చుతోందని అప్పుడు నాకు తెలియదు.

మమ్మల్ని చూసి ఈ ఆట నేర్చుకున్న లాలాపేట్ రైల్వే క్వార్టర్స్ పిల్లలతో మాకు పోటీ. మొదటి ఆట చిత్తుగా ఓడాం. రెండోది గెలిచేవాళ్లమే. చివర్లో బంతి నేరుగా మా క్యాచర్ చేతుల్లోకి వచ్చింది. జారిపోయింది. నేను ఆ రోజు మూడుసార్లు చుట్టి వచ్చాను. అదంతా వాడి మూలంగా బూడిదలో పోసినట్టయిందని ఏడుపొచ్చింది. తాతను పక్కకు పిలిచి, వాణ్ణి తీసేద్దాం, రామంతాపూర్‌లో మా పెద్దనాన్నగారి అబ్బాయి ఉన్నాడు, క్రికెట్లో వికెట్ కీపరు, వాణ్ణి పెట్టుకుందాం అన్నాను. తాత గ్లవ్‌లు సంచిలో సర్దుతూ విన్నాడు.

ఆ సాయంత్రమే పిచ్చుకల టీము తొమ్మిదో ఏడు మొదలుపెట్టాడు. ఆ ఏడు వాళ్లు పెద్ద పోటీ గుమ్మం దాకా వచ్చారు. అక్కడ కుంటి క్యాచర్ బంతి వదిలేశాడు. కెప్టెన్ యజమాని దగ్గరికి పోయి, వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అన్నాడు. మా క్యాచర్ తల వంచుకుని గ్లవ్ తాడు బిగించుకుంటున్నాడు. తాత లేచి పంచె దులుపుకున్నాడు.

“మిగిలింది రేపు చెప్త” అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. అందరి ముందూ నన్ను ఎత్తిపొడిచాడనుకున్నాను. మర్నాడు బడికి సెలవు. నాన్నగారి వెంట లైబ్రరీకి వెళ్లాను. అమెరికా ఆటల గురించిన లావుపాటి పుస్తకమొకటి వెతికించుకున్నాను. జీతాలిచ్చి ఆడించే బేస్‌బాల్ టీములు ఏ ఊరిలో ఏవేవి ఉండేవో, ఎప్పుడు పుట్టాయో, ఎప్పుడు మూతపడ్డాయో అందులో వరసగా ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషుతో వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివాను. పిచ్చుకల టీము లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. లేదు. పేర్లన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. నాన్నగారు చూసి, ఎంత శ్రద్ధగా చదువుకుంటోందో మా అమ్మాయి అని పక్కాయనతో అన్నారు.

సాయంత్రం తాత రోలరు మీద కూర్చోగానే నేను లేచి నిలబడ్డాను. ఆ పేర్లన్నీ గట్టిగా చదివాను. చదివి, “ఇందులో మీ టీము లేదు తాతా. మీరు చెప్పిందంతా అబద్ధం” అన్నాను.

తాత నా వంక చూడలేదు. అరచేతుల్లో ఎండిన సున్నాన్ని గోటితో గీకుతూ కూర్చున్నాడు. “గట్లనా బిడ్డా. పుస్తకంల లేదంటే లేనట్టే” అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన తల వంచుకోవడంతో నాకు బలం వచ్చింది. మా క్యాచర్ వైపు తిరిగి, కుంటివాళ్లు క్యాచర్లుగా ఆడే టీము ప్రపంచంలో ఎక్కడా లేదు అన్నాను. అన్నది నేనే. ఇంకెవరో అన్నారని రాసుకోగలిగితే ఎంత బాగుండునో.

తాత బకెట్టు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. క్యాచర్ గ్లవ్ తీసి రోలరు మీద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ హాస్టళ్ల వైపు నడిచాడు.

ఆదివారం లాలాపేట్ వాళ్లతో మూడో ఆట. మేము వెళ్లేసరికి గీతలు వేసి ఉన్నాయి. దారం పట్టినట్టు అంత నేరుగా ఎన్నడూ లేవు. తాత మాత్రం కనబడలేదు. నేను పిలిపించి క్యాచర్‌గా కూర్చోబెట్టిన మా పెద్దనాన్నగారి అబ్బాయి ఒక్క బంతి వదల్లేదు. మేము గెలిచాం. మొట్టమొదటిసారి గెలిచాం. నేను చేతులెత్తి ఎగిరాను. నాతోపాటు ఎగిరింది మా పెద్దనాన్నగారి అబ్బాయి ఒక్కడే. లాలాపేట్ కెప్టెన్ నా దగ్గరికి వచ్చి, “మీ క్యాచర్ ఏడి? పెయ్యి బాగ లేదా, జెరమొచ్చిందా? బాల్ మస్తు పట్టుకుంటడు గదా వాడు” అని అడిగాడు. వాడు నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. పక్కింటి అక్క నా వైపు చూడకుండా గ్లవ్ విప్పి ఇంటికి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు హాస్టళ్ల వెనక వాళ్ల ఇంటికి వెళ్లాను. వాడు అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. వాళ్లమ్మ లోపలి నుంచి చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమెకు వాడు ఏమీ చెప్పినట్టు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తాత మనందర్నీ మోసం చేశాడు కదా, అందుకే కోపం వచ్చింది అన్నాను.

“మోసమేంది అక్కా? మాకు ముందుగాలనే ఎరుక” అన్నాడు.

“ఏం ఎరుక?”

“గా టీము లేదని. జొన్నరొట్టెలు తినే అమెరికా ఎక్కడుంటది?” అని నవ్వాడు. “మీ పక్కింటక్కకు ఎరుకే. అందరికి ఎరుకే.”

“మరి ఎందుకు విన్నారు?”

వాడు చాట కింద పెట్టాడు. “బాల్ ఇడిసిపెట్టిన దినం ఇంటికొస్తుంటే ఏడుపొచ్చేది అక్కా. గా టీము క్యాచర్ కూడ ఇడిసిండని తాత చెప్పేటోడు. మల్ల తెల్లారి ఆడబుద్ధి అయితుండె.”

నువ్వు రా, రేపటి నుంచి నువ్వే ఆడు అన్నాను. చెయ్యి పట్టుకున్నాను కూడా. వాడు చెయ్యి విదిలించుకోలేదు. “వద్దక్కా. అందరి ముందల అన్నవు గదా” అన్నాడు. కోపంగా అన్నా నాకు తేలికగా ఉండేది. వాన పడుతోంది, బయటికి వద్దు అన్నట్టు మామూలుగా అన్నాడు.

అక్కడి నుంచి మైదానానికి వెళ్లాను. తాత ఏదో కాలేజీ పరుగు పందేలకు గీతలు వేస్తున్నాడు. ఆయన వెనకే, తెల్లగీతకు ఈ పక్కన, చాలా దూరం నడిచాను. క్షమించమని అడగడానికి వచ్చినదాన్ని, నోటికి వచ్చింది మాత్రం వేరే మాట.

“తొమ్మిదో ఏడు కెప్టెన్ నేనే కదా తాతా?”

తాత నడుము పట్టుకుని నిలబడ్డాడు. “నువ్వెందుకైతవు బిడ్డా? గాయన వేరే. నీ ముచ్చట ముందల ఉండె. పెద్దగ ఉండె. నువ్వే ఆగలే.”

“ఇప్పుడు చెప్పండి తాతా.”

“ఇప్పుడు ఏం చెప్పినా నిన్ను మంచిగ చేసుకోనీకి చెప్పినట్టు ఉంటది. ఖతమైంది, పో. మీ అమ్మ చూస్తుంటది.”

తర్వాత మా ఆట నెల రోజులు కూడా సాగలేదు. ఎవరూ మానేశామని చెప్పలేదు. ఒకరికి పరీక్షలు, ఒకరికి పెళ్లి ప్రయాణం, ఒకరికి జ్వరం. మరుసటి వేసవికి తాత ఉద్యోగం అయిపోయి సొంతూరికి వెళ్లిపోయాడని నాన్నగారు భోజనాల దగ్గర మాటవరసకు చెప్పారు. ఏ ఊరని అడిగితే ఆయనకూ తెలియదు. సున్నం వేసే ఆయన ఊరు ఎవరికి తెలుస్తుంది అన్నారు.

మా క్యాచర్ పెద్దయ్యాక లాలాపేట్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. తార్నాక చౌరస్తాలో ఎప్పుడైనా ఎదురుపడితే బండి ఆపి, “బాగున్నవా అక్కా” అని పలకరిస్తాడు. పిల్లల చదువుల గురించి, మెట్రో వచ్చాక పెరిగిన రద్దీ గురించి మాట్లాడుకుంటాం. ఆ సాయంత్రం మాట వాడు ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తే ధైర్యం నాకు రాలేదు. ఇద్దరికీ మనవలు వచ్చేశారు.

నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. తప్పును తప్పని చెప్పడమే నా పని, బాగానే చేశానని పేరు కూడా ఉంది. ఆ రోజు నేను చదివిన పేర్లలో ఒక్కటీ తప్పు లేదు. ఆ పుస్తకంలో ఆ టీము నిజంగానే లేదు. అయినా ఆ మైదానంలో ఆ సాయంత్రం తప్పు చేసింది నేను ఒక్కదాన్నే. ఈ సంగతి పదమూడేళ్లప్పుడే అర్థమైంది. దానితో ఏం చేయాలో మాత్రం ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

ఎవరైనా ఏదైనా చెబుతుంటే, అది నిజం కాదు అనే మాట ఇప్పటికీ ముందుగా నా నాలిక మీదికే వస్తుంది. ఆ మాటను అక్కడే ఆపి, ఇది ఎవరి కోసం చెబుతున్నారా అని చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలు చూడటం అలవాటు చేసుకున్నాను. కొన్నిసార్లు ఆపగలుగుతాను. ఆపలేకపోయిన రోజు, చేతిలో నోటుపుస్తకంతో నిలబడ్డ ఆ పిల్ల ఇంకా నాలోనే ఉందని తెలిసి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.