చెరకు కోతల ఏడు నేర్చిన ఇంగ్లీషు మాట

బోధన్ బస్టాండు ఎదుట చెరకు రసం బండి దగ్గర నిలబడితే, నిమ్మకాయా అల్లమూ కలిసిన ఆ పచ్చి తీపి వాసనకు నాకు దాహం కంటే ముందు మా బడి గుర్తుకొస్తుంది. మొన్న ఒక పెళ్లికి పోయి వస్తూ అక్కా, నేనూ, అక్క మనవరాలు శ్రావణీ ఆ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాం. శ్రావణి ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటోంది. రోజుకో కొత్త మాట వస్తుందట అందులో. "చిన్నమ్మమ్మా, ఇయ్యాల్టి మాట కండోన్. తప్పని తెలిసి కూడ ఊకునుడు అని రాసుంది. గంతేనా?" అంది. ముప్ఫై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని, ఎవరైనా 'గంతేనా' అంటే నా నాలుక ఊరుకోదు. కానీ ఆ రోజు ఊరుకున్నాను. ఎందుకంటే ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు ఒక చెరకు కోతల కాలమంతా పట్టింది.

అరవైలలో మా ఊరికి చలికాలం ముందుగా ముక్కుకు తెలిసేది. బతుకమ్మల తంగేడు పూలు వాడి కాలువ గట్టున ఇంకా పడి ఉండగానే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొయ్యి రాజేసేవారు. మూడు కోసుల దూరం నుంచి మడ్డి వాసన, కాగిన బెల్లమూ పుల్లటి కల్లూ కలిసినట్టుండే వాసన, గాలి తిరిగినప్పుడల్లా వచ్చి ఆరేసిన చీరలకు కూడా పట్టేది. పొద్దున సైరన్ కూతకు మా అమ్మ, మేము పిలిచే అవ్వ, పొయ్యి ముట్టించేది, మధ్యాహ్నం కూతకు ఎడ్లు కూడా తల తిప్పి చూసేవి. చెరకు బండ్లు బారులు తీరి, ఇరుసులు కిర్రుమంటూ, మువ్వలు మోగిస్తూ దుమ్ములో కదులుతుంటే, మేము చిర్రగోనె ఆట అక్కడే పారేసి బండి వెనక పరుగెత్తి గడలు గుంజుకునేవాళ్లం. బండి మనిషి తిట్టేవాడు గాని దిగేవాడు కాదు. దొరికిన గడను మోకాలి మీద విరిచి, పెదవుల మూలలు కోసుకుపోయేదాకా నమిలి, ఇంటికొచ్చి జొన్నచేను కాడ కాల్చిన ఊస బియ్యం బుక్కి, ఆపైన అన్నం వద్దని తన్నులు తినేవాళ్లం. ఆ తన్నులు కూడా ఇప్పుడు తీపిగానే ఉన్నాయి.

కోతలంటే ఆటలు మాత్రమే కాదు. ఫ్యాక్టరీ నుంచి కోత చిట్టీ ఏ రోజు వస్తే ఆ రోజే మన చెరకు కొట్టాలి. కొట్టే వాళ్లు నాందేడ్ దిక్కు నుంచి పిల్లాజెల్లాతో వచ్చి మా చేను గట్టున గుడిసెలు వేసుకునేవారు. కోత నడిచినన్నాళ్లు వాళ్లకు మధ్యాహ్నం రొట్టెలు మా ఇంటి నుంచే పోవాలి, అది మా ఊరి రివాజు. ఇరవై మందికి జొన్న రొట్టెలు కొట్టాలంటే అవ్వ రెండు చేతులు చాలవు. అందుకే మా అక్క లచ్చవ్వను అయిదో తరగతిలోనే బడి మాన్పించారు. మాన్పించారని అనడం కూడా పెద్ద మాటే. "నాల్గు రోజులు ఆగు బిడ్డా, కోతలు అయినంక పోదువు" అన్నాడు బాపు. ఆ నాలుగు రోజులు మళ్లీ ముగియలేదు. అక్క పలకను నేను వాడుకున్నాను.

మా బాపు ఉర్దూలో చదువుకున్నవాడు. తెల్లటి ధోవతి, చెవిలో అత్తరు దూది, మాటకు ముందు ఒక చిన్న దగ్గు. ఊళ్లో ఎవరికి సర్కారు కచేరీలో పని పడినా దర్ఖాస్తు రాయించుకోవడానికి మా అరుగు మీదికి వచ్చేవారు. ఆయన ముందు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, కలం సిరాలో ముంచి, 'జనాబె ఆలీ', అంటే అయ్యగారికి, అని మొదలుపెడితే వచ్చినవాళ్లు నెత్తి మీది దస్తీ తీసి చేతిలో పట్టుకునేవారు. రాష్ట్రాలు కలిసిన యాభై ఆరు తర్వాత కచేరీలలో భాష మెల్లగా మారిపోయింది. ఇంగ్లీషు కాగితాలు రావడం మొదలైంది, మా అరుగు ఖాళీ అయ్యింది. బాపు కలం గూట్లోకి చేరింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు గాని, ఇంట్లో ఇంగ్లీషు మాట వినబడితే మాత్రం అటు తిరిగి గట్టిగా దగ్గేవాడు.

నాకేమో ఆ ఇంగ్లీషే ప్రాణం. కారణం మా హెడ్మాస్టరు సదానందం సారు. లావు కళ్లద్దాలు, ఎప్పుడూ సుద్దముక్క అంటిన మోచేతులు. శనివారం శనివారం నల్లబల్ల మూలన ఒక గీత గీసి, ఆ గళ్లో ఆఫీసు కాగితాల్లో వచ్చే ఒక ఇంగ్లీషు క్రియ రాసేవారు. దానికి తెలుగు అర్థం చెప్పేవారు కాదు. "ఎవలు, ఎవలతోని, ఎప్పుడు అంటరు? గది చెప్పుండ్రి, అర్థం దానంతటదే వస్తది" అనేవారు. ఒక శనివారం ఆ గళ్లో కండోన్ అని రాశారు. మేము నోళ్లు తెరిచాం. సారు సుద్ద దులుపుకుని అన్నారు: "తప్పు జరగాలె, చేసినోడు నాదే అని ఒప్పుకోవాలె. గప్పుడు చిన్నోడు అడుగుతడు, పెద్దోడు చేస్తడు. తప్పైతే కాలేదని కాదు, అయింది, అయినా పోనియ్యి అని. తప్పే లేనికాడ ఈ మాట రాస్తే మార్కులు కోస్త." నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు దాంతో పని పడుతుందని అనుకోలేదు.

నేను మెట్రిక్‌కు వచ్చిన ఏడు అక్క పెళ్లయి ఏర్గట్లలో పసుపు పండించే ఇంటికి పోయింది. కోతలు మొదలయ్యేసరికి అవ్వ పచ్చి బాలింత, ఒళ్లో మా తమ్ముడు. కోత చిట్టీ వచ్చింది. బాపు వాకిట్లో నిలబడి, నా దిక్కు చూడకుండా, పందిరి గుంజతో చెప్పినట్టు చెప్పాడు: "నాల్గు రోజులే బిడ్డా." మొదటి చిట్టీ అయ్యాక రెండోది, అది అయ్యాక మూడోది. పొద్దంతా పెనం ముందు కూర్చుని రొట్టెలు కొడుతూ సైరన్ కూత వినబడినప్పుడల్లా ఇప్పుడు లెక్కలు, ఇప్పుడు ఇంగ్లీషు అనుకుంటూ కళ్లు తుడుచుకునేదాన్ని. పొగకు అనుకుంది అవ్వ.

చివరికి బడికి పోతే నోటీసు బోర్డు మీద నా పేరుంది. హాజరు చాలలేదు. తండ్రి సంతకంతో అర్జీ ఇచ్చి, దాన్ని హెడ్మాస్టరు ఒప్పుకుంటే తప్ప హాల్ టికెట్ రాదు. పరీక్ష పోతే ఇంట్లో మళ్లీ బడి మాటే ఎత్తరు, పెళ్లి మాటే ఎత్తుతారు. ఆ సంగతి నాకు తెలుసు, బాపుకూ తెలుసు. జాబితాలో ఉన్న మిగతావాళ్లంతా జ్వరమని రాసి, బజార్లో ఒక కంపౌండరు దగ్గర చీటీ తెచ్చి పెట్టారు. సారు ఆ కాగితాలన్నీ బల్ల మీద పేర్చి, "ఊరంత జ్వరమొస్తే నాకొక్కనికే రాకపాయె" అని వెనక్కిచ్చేశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెప్పాను. బాపు తుండు భుజాన వేసుకుని, "నేను వేరే డాక్టరు తాన కాయిదం తెస్త" అని లేచాడు. నేను అప్పటికే రాసి పెట్టుకున్న ఇంగ్లీషు అర్జీని ముందు పెట్టి, సంతకం చేస్తే చాలన్నాను. ఆయన దగ్గాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, ఎన్నో ఏళ్ల తర్వాత. తనకు ఒక్క అక్షరమూ తెలియని ఆ కాగితంలో నడుమ ఉన్న పెద్ద మాట మీద వేలు పెట్టి అడిగాడు: "గిదేంది?"

"కండోన్ బాపూ."

"మతలబ్?"

సారు చెప్పినట్టే చెప్పాను. ఎవలు, ఎవలతోని, ఎప్పుడు. తప్పు ఒప్పుకున్నవాడు అడుగుతాడు, పెద్దవాడు పోనిస్తాడు అని. బాపు ఆ మాట మీద మళ్లీ వేలు పెట్టాడు. మెల్లగా ఆయన మొహం విచ్చుకుంది.

"దర్గుజర్" అన్నాడు. "దర్గుజర్ ఫర్మాయిండ్రి అని ఎంతమందికి రాసిన నేను! ఇంగ్లీషోనికి గూడ ఉన్నదా గీ మాట?" పాత దోస్తు అంగట్లో కనబడినంత సంబరం ఆయన గొంతులో. ఆ వెంటనే పెద్ద మున్షీలా అడిగాడు. "మరి కుసూర్ ఎవలదని రాసినవు?"

"తప్పు నాదే అని రాసిన. నేను బడికి పోలేదని."

బాపు నవ్వు ఆగిపోయింది. ఆయన పరువు కాపాడానని లోపల మురిసిపోతున్నాను నేను. ఆయన కాగితం నా చేతిలో పెట్టి, నేల దిక్కు చూస్తూ అన్నాడు: "కొట్టెయ్యి. నువ్వు పోనన్నవా? నేను ఆపిన. 'మా బాపు నన్ను ఆపిండు' అని రాయి. ఒకని కుసూరు ఇంకొకని మీద రాసిన దర్ఖాస్తు నేను ఇంతవరకు రాయలే." మళ్లీ రాశాను. ఆయన గూట్లోంచి కలం తీసి, దుమ్ము ఊది, కుడి నుంచి ఎడమకు నిదానంగా సంతకం పెట్టాడు. తర్వాత ఆ అర్జీనంతా నాతో మాట మాట చెప్పించుకుని, ఉర్దూలో ఒక నకలు తన కోసం రాసుకున్నాడు.

మర్నాడు బాపు నాతో బడికి వచ్చాడు. మా ఊళ్లో తల్లిదండ్రులు బడి గడప తొక్కడమే అరుదు. సారు అర్జీ చదివి, కళ్లద్దాలు తీసి, "నిజమేనా పటేలా?" అన్నారు.

"నిజమే సాబ్. బిడ్డది లేదు. నాదే కుసూర్."

సారు ఆ కాగితం కింద కండోన్ చేశానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. "ఇంకొక్క రోజు ఆపినవంటే ఈ మాట పని చెయ్యదు" అన్నారు. బాపు తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది, ఎందుకంటే మూడు రోజులకే ఇంకో చిట్టీ వచ్చింది.

ఆ పొద్దున నేను పుస్తకాలు పట్టుకుని భయంభయంగా వాకిట్లో నిలబడితే, బాపు అత్తరు దూది తీసి పక్కన పెట్టి, ధోవతి ఎగగట్టి, పెనం ముందు కూర్చున్నాడు. అవ్వ పసిపిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని మంచం మీంచి చెబుతుంటే, పిండి తడిపి రొట్టె కొట్టాడు. ఒకటి కొస తెగింది, ఇంకొకటి నడుమ మాడింది, మూడోది పెనం మీదికి పోనే లేదు. ఆ రొట్టెల గంప తానే నెత్తిన పెట్టుకుని చేనుకు పోయాడు. కోత ముఠాలో పెద్దామె కాశీబాయి ఒక రొట్టెను ఎత్తి నలుగురికీ చూపించిందట. అందరూ నవ్వాక, బాపు సిగ్గుతో నిలబడితే, "అసూ ద్యా దాదా" అని దాన్ని పచ్చిమిరపకాయతో కమ్మగా తినేసిందట. పోనియ్యి అన్నా అని. అంటే మా బాపుకు ఆ మాట మరాఠీలో కూడా దొరికింది. ఇంటికొచ్చి నాకు మురిపెంగా చెప్పాడు.

పరీక్ష రాశాను, పాసయ్యాను. అయితే ఈ కథను నేను ఎప్పుడు చెప్పుకున్నా ఒక ముక్క వదిలేస్తూ వచ్చాను. ఆ ఏటి ఉగాదికి అక్క ఇంటికొచ్చింది, చేతులు పసుపు ఉడకబెట్టి ఉడకబెట్టి గోళ్లదాకా పచ్చగా ఉన్నాయి. బాపు సంబరంగా తన ఉర్దూ నకలు తీసి, దగ్గి, అర్థం చెబుతూ అక్కకు చదివి వినిపించాడు. అక్క చాటలో పప్పు ఏరుతూ అంతా వింది. తల ఎత్తకుండానే, "నన్ను అయిదులనే ఆపితివి గద బాపూ. గప్పుడు గిసొంటి కాయిదం ఎవలకు రాసినవు?" అంది. కోపంగా అనలేదు. బాపు కాగితం మడిచాడు. ఆ తర్వాత దాన్ని ఎవరికీ చదివి వినిపించగా నేను చూడలేదు. ఆ రోజు నాకు అక్క మీదే కోపం వచ్చింది, బాపు సంబరమంతా పాడు చేసిందని. నా బుద్ధి అప్పటికి అంతే.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతబడింది, సైరన్ లేదు. చీరలకు మడ్డి వాసన పట్టదు, బండి బారులూ మువ్వలూ లేవు, గట్టున గుడిసెలు లేవు. రసం బండివాణ్ణి అడిగితే ఈ గడలు మహారాష్ట్ర దిక్కు నుంచి వస్తాయన్నాడు. చెరకు పండిన నేల మీద కూర్చుని ఊరుగాని ఊరి చెరకు తాగుతున్నాం. బాపు పోయి చాలా ఏళ్లయింది. శ్రావణి ఇంకా నా దిక్కే చూస్తోంది. ఎవలు, ఎవలతోని, ఎప్పుడు అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఎన్నేళ్లుగానో గొంతులో ఉన్నదాన్ని అక్కనే అడిగాను, బాపును నువ్వు మాఫ్ చేసినవా అని.

అక్క గ్లాసు కింద పెట్టింది.

"నోటితోని ఎన్నడు అడగలే ఆయన. కని, నా లగ్గమైనంక ఆ ఉగాది పోయి మల్ల కోతలు వచ్చినకాంచి, ఏటేట గింత చెర్కు మోపు నెత్తిన పెట్టుకోని ఏర్గట్ల దాంక వచ్చేటోడు. బస్సు దిగి నడుసుకుంట. పిల్లలు తింటరని తెచ్చిన అనేటోడు. పిల్లలు పెద్దగై పోయినంక గూడ తెచ్చిండు. ఆయన పండ్లూడినంక గూడ తెచ్చిండు. గడపల నిలవడి, 'బిడ్డా, జెర దింపుకో' అనేటోడు. వేరేటోళ్లు వస్తే దింపనియ్యకపోతుండె. నేనే రావాలె."

"నువ్వేం చేసేదానివి?"

"ఏం జేస్త? దింపుకునేదాన్ని."

సదానందం సారు చిన్నవాడు అడుగుతాడు, పెద్దవాడు చేస్తాడు అని చెప్పారు. పెద్దవాడు కూడా చిన్నదాన్ని అడుగుతాడని ఆ నల్లబల్ల మూలన పట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఆ మాటను పిల్లలకు చెప్పాను. ఉదాహరణ మాత్రం నాకు ఇన్నాళ్లకు దొరికింది, అదీ అయిదో తరగతిలో ఆగిపోయిన మా అక్క నోట.