సీసమున్న చేప వెనకాల ఒక శనివారం

ఆదివారం వచ్చిందంటే మా ఖాజాగూడ అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లల్లో చేపల పులుసే. బాలానగర్ అవతలి ఒక కుంట నుంచి తెప్పించేది నేనే. నెల్లూరు దాన్ని కదా, చేప సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసని పొగరు! ఈమధ్య పేపర్లో ఏదో చదివి, అనుమానంతో ఒక చేపను ల్యాబ్‌కిచ్చాను. సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. పిల్లలకూ గర్భిణులకూ మరీ చేటట. ఇది పెరిగే నీళ్లేమిటో కళ్లారా చూద్దామని బయలుదేరాను.

శనివారం పొద్దున ఏడింటికి క్యాబ్ మాట్లాడుకున్నాను, రానూపోనూ పద్దెనిమిది వందలకు. బాలానగర్ దాటాక మట్టిరోడ్డు, దాని పక్కనే వర్క్‌షాపుల మురుగు మోసే కాలువ. డ్రైవర్ అద్దాలు ఎక్కించి, "గీ వాసనల చాపలు కొననీకి వచ్చిండ్రా మేడమ్?" అని నవ్వాడు. కాలువ తిన్నగా కుంటలోకే పోతోంది.

ఆ కుంటను కిరాయికి తీసుకుని చేపలు పెంచే మల్లమ్మ ఎదురొచ్చింది. "మా చాపలు తినేటోళ్లు మా ఇంటికి రాంగ ఎన్నడు సూడలే బిడ్డా!" అని మురిసిపోయింది. చెబుదామని నోరు తెరిచేలోపే నాకోసం బొచ్చె చేప కోయడానికి కూర్చుంది. ఇక రిపోర్టును సంచిలోనే ఉంచేశాను.

మధ్యాహ్నం పులుసు వడ్డించబోతే, "నేను శనివారం నీసు ముట్టనండీ" అనేశాను. ఛీ, నా పిరికితనానికి ఏడుకొండలవాణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

"అయ్యో, ముందుగాలనే చెప్తే పప్పు వండుతుంటి గద" అని మల్లమ్మ నొచ్చుకుంది. నాకు తీసిపెట్టిన ముక్కలన్నీ ఐదో నెల కడుపుతో ఉన్న కోడలి కంచంలో వేసింది. "తిను కవితా, నీవి ఇప్పుడు రెండు పాణాలాయె."

కవిత రెండు ముద్దలు తినేదాకా నేను తల దించుకుని మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాను. మూడో ముద్ద ఎత్తుతుంటే చెయ్యి పట్టుకున్నాను. "వద్దమ్మా, తినకు." రిపోర్టు చూపించి, ఉన్నదంతా చెప్పాను.

"అత్తమ్మా, మనం దినాం ఇవే తింటున్నం గద" అంది కవిత, కడుపు మీద చెయ్యి వేసుకుని.

మల్లమ్మ కోడలి కంచం పక్కకు జరిపి నావైపు తిరిగింది. "అంటే నీకు శనివారం పట్టింపు లేనే లేదా, బిడ్డా?"

లేదన్నాను. అదే క్యాబ్‌లో కవితను డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాం. 

ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. రిపోర్టు వచ్చిన సాయంత్రమే ఈ చేపలు కొనొద్దని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. అందరూ నాకు దండాలు పెట్టారు. చేపలు పెంచేవాళ్లు కూడా వాటినే తింటారన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు, నాతో సహా. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే పొద్దున్నే బయలుదేరండి, ట్రాఫిక్ ఉండదు. రిపోర్టు మాత్రం గుమ్మంలోనే చూపించండి, వాళ్లు పొయ్యి వెలిగించకముందే.