ఏసీలో పోసిన బెల్లం నీళ్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ తర్వాతే ఏడాదికి ఒకటో రెండో చొప్పున తెలియనివి బయటపడుతుంటాయి. ఇరవై రెండేళ్ల వయసులో, అల్లూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరిన తొలి వేసవిలో, నాకు అన్నీ తెలుసు. తెల్ల కోటు వేసుకుని (ల్యాబులో వేసుకోమని ఇస్తే నేను కూరగాయల బజారుకు కూడా వేసుకెళ్లేదాన్ని) చెరువు గట్ల మీద నడుస్తుంటే మా నాయన వయసు రైతులు "మేడమ్, నీళ్లు ఎట్టా ఉండాయి?" అని అడిగేవాళ్లు. మేడమ్ అన్న ఆ ఒక్క మాట నా బుర్రను ఎంత పాడుచేసిందో చెప్పలేను. ఇంట్లో అమ్మ కూరలో ఉప్పు వేస్తుంటే, లీటరుకు ఎన్ని గ్రాములో చూసి వేయమని సలహా ఇచ్చేదాన్ని. అమ్మ గరిటె చూపించేది.

మా నాయన బాడుగ కారు నడిపేవాడు. పాత కారే గాని ఏసీ మాత్రం గడ్డకట్టించేది. పొద్దున్నే నన్ను చెరువుల దగ్గర దింపడం, ల్యాబుకు చేర్చడం ఆయన పనే. గట్టు మీద కారు ఆపితే దాని ముందు భాగమే నా బల్ల. శాంపిల్ రొయ్యల కవరు ముందు అద్దం కింద పెట్టుకుని, నోటుబుక్కు బానెట్ మీద పరచి, పెద్ద సైంటిస్టులా రాసుకునేదాన్ని. నాయన చర్చిలో సంఘపెద్ద. అబద్ధం ఆడడు. "ఎంతసేపట్లో వస్తావు?" అని గిరాకీ ఫోన్ చేస్తే, మిగతా డ్రైవర్లు "వచ్చేస్తా ఉండా, ఐదు నిమిషాలు" అని మంచం మీంచి చెబుతారు. ఈయన "గంట పడతాదన్నా" అని నిజం చెప్పి గిరాకీ పోగొట్టుకునేవాడు. అలాంటి మనిషికి నమ్మకంగా మిగిలిన గిరాకీ ఒక్కరే, టీచరమ్మ గారు. మా నాయనకూ, తర్వాత నాకూ లెక్కలు చెప్పిన ఆవిడ రిటైరయ్యాక వారం వారం నెల్లూరు ఆసుపత్రికి మా కారులోనే వెళ్లేవారు. ఇంకో కారు ఎక్కేవారు కాదు.

ఆ మే నెలలో కారుకు కంపు పట్టుకుంది. ఏసీ వేస్తే చాలు, గుప్పుమని కొట్టేది. నాయన నిమ్మకాయలు కోసి పెట్టాడు. మల్లెపూలు వేలాడదీశాడు. సాంబ్రాణి పొగ కూడా పట్టించాడు (ఇది సంఘంలో ఎవరికీ చెప్పొద్దని నాతో అన్నాడు). అన్నీ కలిసి కారు లోపల ఎవరో పోయిన ఇంటి వాసన వచ్చింది. ఒక శుక్రవారం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి దిగుతూ టీచరమ్మ గారు ముక్కు మీద చేతిగుడ్డ తీయకుండానే తేల్చేశారు. "ఒరే, నీ కారెక్కితే నాకు కడుపులో తిప్పతా ఉందిరా. వచ్చే శుక్రవారానికి ఈ కంపు పోకపోతే ఇంకో కారు మాట్లాడుకుంటా. ఏమనుకోబాక." నాయన ఏమీ అనుకోలేదు, కానీ ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. ఆ ఒక్క గిరాకీ పోతే కారు అమ్ముకోవడమేనని అమ్మతో మెల్లగా అంటుంటే విన్నాను.  వెంటనే నాలోని మేడమ్ మేల్కొంది.

చెరువు అడుగున మడ్డి కుళ్లి కంపు కొడితే మేం ఏం చేస్తాం? బెల్లం, తవుడు, ప్రోబయాటిక్ పొడి నీళ్లలో కలిపి, ఒక రాత్రి పులియబెట్టి చెరువులో చల్లుతాం. మంచి సూక్ష్మజీవులు కంపు పుట్టించే మడ్డిని తినేస్తాయి. చెరువులో పనిచేసేది కారులో ఎందుకు పనిచేయదు? ఆదివారం ఆరాధన అయ్యాక, నాయన కునుకు తీస్తుండగా, వడగట్టిన బెల్లం నీళ్లు లీటరున్నర తీసుకెళ్లాను. అద్దం కింద ఉన్న జాలీలోంచి కొంత పోశాను. లోపల గాలి వచ్చే రంధ్రాల్లోకి మందు కొట్టే చిన్న స్ప్రేయరుతో కొంత కొట్టాను. చెరువులో గాలిచక్రాలు తిప్పినట్టు ఫ్యాను ఫుల్లుగా పెట్టాను. లోపల అన్ని మూలలకూ అందాలని హీటరు మీట కూడా తిప్పాను (మా వైపు మే నెలలో కారు హీటరు వేసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను).

సోమవారం కంపు లేదు. నాయన మొహం వెలిగిపోయింది. "మా పాప ల్యాబు మందు పోసింది" అని స్టాండులో అందరికీ చెప్పాడు. మంగళవారం కొద్దిగా కల్లు వాసన మొదలైంది. బుధవారం నాయన తెల్లచొక్కాతో కూర్చుని ఏసీ వేస్తే, చల్లగాలితో పాటు చీమలొచ్చాయి. ఒకటీ రెండూ కాదు. డ్యాష్‌బోర్డు మీద అతికించిన బైబిలు వాక్యం పొడుగునా బారు కట్టి, స్టీరింగు మీదుగా నాయన చేతుల్లోకి ఎక్కాయి. గాలి కూడా సన్నబడి, చివరికి ఊదితే వచ్చేంత మిగిలింది. సంఘపెద్ద కారులో కల్లు వాసనేంటని పాస్టరు గారు మర్యాదగా అడిగారట. నాయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గురువారం పొద్దున్నే బోగోలు దగ్గర హైవే పక్కనున్న ఏసీ షెడ్డుకు వెళ్లాం. ఆ మెకానిక్కును అందరూ గ్లౌజులన్న అంటారు. టీ తాగేటప్పుడు కూడా చేతులకు గ్లౌజులు ఉంటాయి గనక. నేను తెల్ల కోటులోనే వెళ్లాను. ఆయన గాలి వచ్చే రంధ్రంలోకి వేలు పెట్టి, నాకి చూసి (గ్లౌజు తీసే నాకాడు లెండి), "అన్నా, ఇది బెల్లం కదా?" అన్నాడు. నాయన నేల చూశాడు. నేను సూక్ష్మజీవుల గురించి మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "అట్టనా. చెరువులో నీళ్లు మారస్తారు కదమ్మా, ఇందులో ఎట్టా మారస్తావు?" అన్నాడు. 

లోపలి కూలింగు కాయిలు బెల్లంతో అతుక్కుపోయింది, బయటికి తీసి కడగాలి, దానికి ముందు పైపుల్లో గ్యాసు ఖాళీ చేయాలి అన్నాడు. మధ్యాహ్నానికల్లా అయిపోవాలని నా ఆత్రం. "పైపు వదులు చేస్తే గ్యాసు బుస్సుమని పోతుంది కదన్నా, ఒక్క నిమిషం పని" అంటూ నట్టు మీద చెయ్యి వేశాను. "తియ్! చెయ్యి తియ్!" అని ఆయన వేసిన కేకకు పక్క టీకొట్లో గ్లాసు కింద పడింది. తర్వాత మెత్తగా, ఎడమ చేతి గ్లౌజు విప్పి బొటనవేలు చూపించాడు. వేలి కొస తెల్లగా, ముడుచుకుపోయి ఉంది. "నిప్పు కాదమ్మా, ఈ గ్యాసు చలి కాల్చింది. నీ మాదిరే నేనూ ఒక్క నిమిషం అనుకున్నా. కంట్లో పడుంటే ఈపాటికి నీ మొహం నాకు కనపడేది కాదు. అదీగాక దాన్ని గాలికి వదలకూడదు, సిలిండర్లోకి లాగాల." నా కళ్లకు పెద్ద కళ్లద్దాలు, చేతులకు గ్లౌజులు తొడిగించి టార్చి పట్టుకోమన్నాడు. బ్యాటరీ వైరు పీకాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. బీడీ వెలిగించబోయిన ఒక లారీ డ్రైవరును, ఈ గ్యాసు నిప్పు తగిలితే విషమవుతుందని రోడ్డు అవతలికి తరిమాడు. మిషను పెట్టి, గ్యాసంతా సిలిండర్లోకి దిగి ముల్లు సున్నాకు వచ్చేదాకా కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నేను గంట సేపు, జీవితంలో మొదటిసారి ఇంకొకరు చెప్పినట్టు, టార్చి పట్టుకుని నిలబడ్డాను.

కాయిలు బయటికొచ్చింది. తేనెతుట్టెలా ఉంది. దాని వెనకున్న ఫ్యాను డబ్బాలోకి ఆయన పొడుగు పటకారు దూర్చి, అటూ ఇటూ తిప్పి, నల్లగా ఎండిన వస్తువొకటి పైకి తీశాడు. "ఏందిది, ఎలక తోకా?" అన్నాడు. టార్చి వెలుగులో చూడగానే నా నోరు ఆగలేదు. "ఎలక కాదన్నా. వనామి రొయ్య. యాభై కౌంటు!"

యాభై కౌంటంటే కిలోకు యాభై తూగే సైజు. అంత కచ్చితంగా చెప్పగలిగిన మనిషి ఆ షెడ్డులో ఒక్కతే ఉంది. గ్లౌజులన్న నా కోటు వంక చూశాడు. నాయన వెళ్లి అద్దం కింద జాలీ చూశాడు. అందులో విరిగిన చోట రెండు వేళ్లు పట్టే సందు ఉంది. సరిగ్గా నేను శాంపిల్ కవరు పెట్టుకునే చోటు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, పెద్ద కళ్లద్దాల వల్ల ఎవరికీ కనపడలేదు.

శుక్రవారం నేను సెలవు పెట్టి ముందు సీట్లో కూర్చున్నాను, తప్పు నాదేనని టీచరమ్మ గారితో చెప్పేద్దామని. ఆవిడ ఎక్కారు. నాయన ఏసీ వేశాడు. చేతిగుడ్డ ముక్కు దాకా వెళ్లి, ఆగి, ఒళ్లోకి దిగింది. "ఏం వాసనా లేదే! ఏందిరా ఇంతకీ అది?"

నేను నోరు తెరిచే లోపే నాయన అన్నాడు, "లోపల రొయ్య ఉండిందమ్మా. మా పాపే కనిపెట్టింది."

"మెకానిక్కు కనిపెట్టలేదా?"

"ఆయన ఎలక అనుకున్నాడమ్మా. పాప చూడంగానే చెప్పేసింది, కౌంటుతో సహా."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. టీచరమ్మ గారు వెనక నుంచి నా భుజం తట్టి, "లెక్కల్లో మొద్దువే గాని, దీంట్లో చురుకేనే" అన్నారు. నాయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మీసం మాత్రం కొద్దిగా కదిలింది.

ఆవిడ ఊరంతా చెప్పడం వల్ల, ఆ తర్వాత చాలా ఏళ్లు అల్లూరులో ఎవరి ఏసీ కంపు కొట్టినా నా కోసం వచ్చేవాళ్లు. అందరినీ బోగోలు పంపేదాన్ని. ఇప్పుడు నాకు సొంత ల్యాబుంది, కారుంది, అందరూ మేడమ్ అనే పిలుస్తారు. కారెక్కే ముందు అద్దం కింద జాలీ మీద ఒకసారి చెయ్యి రాస్తాను. తెల్ల కోటు వేసుకుని తొలిరోజు ల్యాబుకొచ్చే పిల్లలు, అన్నీ తెలిసిన మొహంతో నాకు ఏదో వివరించబోతే, వాళ్లను చివరిదాకా మాట్లాడనిస్తాను. గ్లౌజులన్న నన్ను మాట్లాడనిచ్చినట్టే. తర్వాత మెల్లగా, చేతికి గ్లౌజులు వేసుకోమంటాను.