రాక్ సెల్వరాజూ, కుట్టి శివప్ప చీటీ

తొంభైలలో తళి నుంచి కృష్ణగిరి దాకా ఏ జాతరలోనైనా రాక్ సెల్వరాజ్ వస్తున్నాడంటే జనం ఎగబడేవాళ్లు. పగలు హోసూరు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ పని, సాయంత్రం భుజాన ఎలక్ట్రిక్ గిటార్. వేళ్ల నిండా ఇనుము కోసిన గాట్లే. ఆ వేళ్లతో తీగ లాగితే ముసలోళ్లు కూడా ఈలేసేవాళ్లు. వాడి వెనక ఎనిమిదేళ్లు డ్రమ్స్ వాయించిన గుర్రప్పను నేను. అంతటోడు మా వైపు ఇంకొకడున్నాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పాట కావాలంటే మాకు చీటీ పంపాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం కాబట్టి చాలామంది తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసేవాళ్లు. వాటిలో క, గ ఒకటే; ట్ట, డ్డ ఒకటే. చీటీలు మైకులో చదవడం నా పని.

1998, కుందారపల్లి జాతర. పొద్దు వాలుతోంది. ఒక చీటీ విప్పి, "గుడ్డి శివప్పన్న కోసం ఈ పాట" అని చదివాను. తమిళ అక్షరాల్లో రాసింది 'కుట్టి శివప్ప' అని. తమిళంలో కుట్టి అంటే చిన్న. ఊళ్లో ఇద్దరు శివప్పలుంటే చిన్నాయన్ని అలా పిలుస్తారట. నా ఖర్మ, ఆయనకు మెల్లకన్ను. జనం విరగబడి నవ్వారు.

తాగి ఉన్న శివప్ప కత్తి తీసి స్టేజీ ఎక్కాడు. "ఎవడ్రా చదివినోడు?"

నేను డ్రమ్ముల వెనక్కి నక్కాను. సెల్వరాజ్ వచ్చి నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే చదివినానప్పా. తప్పయిపోయింది, మన్నించు."

మన్నించలేదు. ఒకే పోటు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ముప్పై రెండేళ్లు వాడికి.

శివప్పకు జైలు పడింది. చీటీ ఎవరు చదివారని కోర్టులో అడిగితే అప్పుడూ "సెల్వరాజే" అన్నాను. అంత పిరికి వెధవని. ఏటా వాడు పోయిన రోజున వాడి భార్య అముద పిలిచి అన్నం పెట్టేది. నిజం చెబితే ఆ గడప మళ్లీ తొక్కనిస్తుందా అని తొమ్మిదేళ్లు నలిగాను.

ఆఖరికి విస్తరి ముందు కూర్చుని చెప్పేశాను. "అమ్మా, ఆ చీటీ చదివింది నేను."

ఆమె వడ్డించడం ఆపలేదు.

"తెలుసన్నా. ఆయప్పకు తమిళం ఒక్క అక్షరం రాదు. తమిళ పాటలు గూడా తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటా ఉండె. ప్రాణమిచ్చి నిన్ను కాచినాడు. నేను పోయి ఆ పొద్దు కోర్టులో నిన్ను పట్టిచ్చేదా? తిను."