మోటార్ల మామ బిగించిన ఆకుపచ్చ తీగ

మోటార్ల మామ పోయాడు. పోయిన సోమవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసి, "మీ మామ ఇంగ లేడు పాపా, నిద్రలోనే పోయినాడు" అని రెండే ముక్కలు చెప్పి పెట్టేసింది. అప్పటికి నేను అంగడి షట్టరు సగం ఎత్తాను. మళ్ళీ దింపేసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. బుక్కరాయసముద్రం నుంచి బెళుగుప్ప దాకా బోరుబావి ఉన్న ఏ రైతునడిగినా మాత్రం చెప్తాడు. మోటార్లు, స్టార్టర్ పెట్టెలు బాగుచేసే మనిషి. మాకు చుట్టమేమీ కాదు, మా వీధి చివర ఇల్లు. మా నాయన ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. ఎవరింటికి పోయినా ముందు కరెంటు బోర్డు చూసి, ఆ తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకునేవాడు. పెళ్ళికి పోయి పెండ్లికొడుకును చూడకుండా జనరేటరు చూసి వచ్చాడని అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో డీటీపీ నేర్చుకుని, రోడ్డు పక్కన నాయన రేకుల గదిలో ఒకే ఒక్క కంప్యూటరుతో అంగడి పెట్టాను. అది నాయన ఎరువుల మూటలు వేసుకునే గది. ఆయనకు నా పని మీద నమ్మకం లేదు. "ఈ ఎండాకాలం దాటేదాకా చూస్తా. నడిస్తే నీది. నడవకపోతే నా యూరియా మూటలు మళ్ళా ఈడికే రావల్ల" అన్నాడు. నాయన అన్నాడంటే అన్నట్టే. నాకేమో ఆ గది తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఏప్రిల్ వచ్చేసరికి రేకులు కాగి, పదకొండు గంటలకల్లా కంప్యూటరు బిగుసుకుపోయేది. అందరూ చేసే వైద్యమే నేనూ చేశాను. సీపీయూ డబ్బా పక్కరేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను పెట్టాను. గాలితో పాటు ఊళ్ళో దుమ్మంతా లోపలికి పోయింది. ఆ సమయానికే మామ ఏదో అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చాడు.

"ఏం పాపా, దాని పేగులన్నీ బయటేసుకొని కూచున్నావే?"

"కాలిపోతాండాది మామా. ఎంత కాలుతాందో కూడా తెలీదు. తెలిసేలోపల చస్తాది."

ఆయన అర్జీ సంగతి మరిచిపోయాడు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కాసేపు చెవి పెట్టి విన్నాడు. "మిషను మూగజీవం పాపా. దానికి నొప్పయితే మన కంటికి కనపడే మాదిరి ఏదో ఒకటి పెట్టల్ల" అన్నాడు.

మూడు రోజులు పట్టింది. డబ్బా పైరేకును గుండ్రంగా కోసి, వేడిగాలి పైకి లాగే ఫ్యాను బిగించాడు. దుమ్ము రాకుండా దానికి దోమతెర ముక్క కుట్టాడు. ముందు వైపు పాత స్టార్టర్ నుంచి తీసిన ఓల్టు మీటరు అమర్చాడు. దాని కింద, కోళ్ళ ఫారంలో గుడ్లు పొదిగే పెట్టెకు వాడే వేడి చూపే డిస్ప్లే ఒకటి. ఎర్రటి అంకెల్లో లోపలి వేడి ఎంతో చెప్పేది. లోపలి తీగలన్నీ కట్టలు కట్టి, మైనం పూసిన నూలుదారంతో మల్లెచెండు అల్లినట్టు అల్లాడు. "తీగలు సక్కగా ఉంటే తప్పు తొందరగా దొరుకుతాది" అనేవాడు. ఎరుపు, పసుపు, నీలం తీగలు చూసి చిన్నపిల్లోడిలా సంబరపడ్డాడు. "ఈడ కూడా మూడు ఫేజులే ఉండాయి చూడు" అని ఆ మూడు రంగుల్లోనే మూడు చిన్న దీపాలు పెట్టాడు. మా ఊళ్ళో మోటారు పనిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. అది ఆయనకు అమ్మ చేతి ముద్దంత తెలిసిన లెక్క. అందుకే లోపల ఆకుపచ్చ తీగ కనపడగానే, దాన్నుంచి ఒక పాయ తీసి డబ్బా ఇనుముకు గట్టిగా స్క్రూ బిగించాడు.

పని ముగిసేసరికి కరెంటు లేదు. నేనా సాయంత్రమే పిన్ని కూతురి పెళ్ళికని రాప్తాడు పోవాలి. వచ్చాక చూసుకుందామని, గోడ స్విచ్చి కూడా ఆపకుండా తాళం వేసి పోయాను.

తిరిగి వచ్చేసరికి అంగడి ముందు జనం. పక్కన టీ అంగడన్న నవ్వుతూ, "రెండు దినాల నుంచీ షట్టరు సందులో రంగురంగుల దీపాలు కనపడతాండాయి పాపా. దేవుని పూజ పెట్టినావేమో అనుకొంటిమి" అన్నాడు. షట్టరు ఎత్తితే లోపల సెగ మొహాన కొట్టింది. కంప్యూటరు దానంతటదే నడుస్తోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు. రెండు రోజులుగా కరెంటు వచ్చినప్పుడల్లా లేచి, పోయినప్పుడల్లా పడిపోయి, హార్డ్ డిస్కు పాడైపోయింది. అందులో చెనిక్కాయ పంటనష్టం జాబితా ఉంది. మా చుట్టుపక్కల రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఎనిమిది రోజులు కూర్చుని కొట్టాను. ఇంకో నాలుగు రోజుల్లో మండలాఫీసులో ఇవ్వాలి. ఫ్లాపీలో ఇంకో నకలు దాచుకునే బుద్ధి ఆ వయసులో నాకు లేదు.

టౌను నుంచి వచ్చిన కంప్యూటరు మెకానిక్కు డబ్బా విప్పి, ఆకుపచ్చ తీగ చూసి తల పట్టుకున్నాడు. "ఇది ఎర్తు కాదక్కా. లేచి పని చెయ్యమని చెప్పే తీగ. దీన్ని ఇనుముకు తగిలిస్తే కరెంటు వచ్చినప్పుడల్లా మిషను అదే లేస్తాది" అన్నాడు. కరెంటు ఏ వేళకొస్తే ఆ వేళకు మోటారు ఆడాలని రైతులు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు. మామ తనకు తెలియకుండానే నా కంప్యూటరుకు ఆటో స్టార్టర్ పెట్టాడన్నమాట.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మామ పని మీద నమ్మకంతో ఎన్ని మోటార్లు నడుస్తున్నాయో నాకు తెలుసు. మెకానిక్కును కూడా నోరు మూసుకోమన్నాను. జాబితా పోయిందని తెలిసి మర్నాడు నాయన, ఐదారుగురు రైతులు అంగడికొచ్చారు. "తాళం చెవి ఇయ్యి. రేపట్నుంచి మూటలు దింపుతారు" అన్నాడు నాయన. నేను తాళం చెవి బల్ల మీద పెట్టాను.

అప్పుడొచ్చాడు మామ. నేను చెప్పకపోతే ఏం, టౌనుకు పోయి మెకానిక్కునే పట్టుకుని అడిగొచ్చాడు.

"బావా, పాప తప్పేమీ లేదు. తీగ బిగించింది నేను. ఆకుపచ్చదంటే ఎర్తే అనుకొంటి. తెలిసినోళ్ళను అడగల్ల, అడగలేదు."

ఒక రైతు ఊరుకోలేదు. "ఏమప్పా, నీకే తీగ తెలీకపోతే మా మోటార్ల గతేమి?"

మామ మొహం నల్లబడింది. నాయన వైపు తిరిగాడు. "మా తమ్ముని బోరుకు నేనే స్టార్టర్ పెట్టినా. ఎర్తు రేపొచ్చి ఏస్తాలే అంటి. ఆ రేపు రాకముందే వాడు తడికాళ్ళతో పెట్టె ముట్టుకున్యాడు. కరెంటు కొట్టి ఆడే పోయినాడు. ఆ పొద్దు నుంచి ఆకుపచ్చ తీగ కనపడితే నా చెయ్యి ఆగదు బావా. ఒకసారి బిగించక తప్పు చేసినా. ఇప్పుడు బిగించి తప్పు చేసినా. ఈ తప్పుకు మనిషి పోలేదు. నన్ను ఏమన్నా అనుకోండి, పాప అంగడికి మాత్రం తాళమెయ్యద్దు."

తమ్ముడు కరెంటు కొట్టి పోయాడని ఊరందరికీ తెలుసు. ఎర్తు వెయ్యలేదన్న సంగతి ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. నాయన తాళం చెవి తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మెకానిక్కు పాత డిస్కు ఒకటి తెచ్చి వేశాడు. రెండు రోజులు రాత్రీ పగలూ మామ నా పక్కన కూర్చుని కాగితాలు చదువుతుంటే, నేను జాబితా మళ్ళీ కొట్టాను. ఏ సర్వే నంబరు ఎవరిదో ఆయనకు నోటికొచ్చు. మొదటిసారి నేను చేసిన తప్పులు కూడా దిద్దించాడు. జాబితా వేళకే చేరింది. 'నీకే తీగ తెలీకపోతే' అన్న రైతు నెల తిరక్కుండానే మోటారు చెడిపోయి ఆ మామనే పిలుచుకుపోయాడు. నాకు ఆ రైతు మీద కోపం పోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఆ డబ్బా నా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసింది. మామ ఆకుపచ్చ పాయ తీసేశాడు గానీ, ఎర్తు లేని ఇనుప డబ్బా ముందు నన్ను కూర్చోబెట్టడానికి ఆయన మనసొప్పలేదు. గది వెనక గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, రాగి పట్టీ దించి, అక్కణ్ణుంచి డబ్బాకు వేరే తీగ లాగాడు. వేసవిలో ఆ మన్ను ఎండిపోతే ఎర్తు పనిచెయ్యదు. ఆ ఏడు మాకు మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది, బిందె నీళ్ళకు కొట్లాటలు. అయినా రోజూ పొద్దున తన ఇంటి నీళ్ళలోంచి ఒక చెంబు తెచ్చి గుంతలో పోసేవాడు. "తాగే నీళ్ళు తీసకపోయి మన్నులో పోస్తాడు" అని అత్త తిట్టేది. నాయన యూరియా మాట మళ్ళీ ఎత్తలేదు. రేకులు పోయి మిద్దె వచ్చింది, కంప్యూటర్లు ఆరయ్యాయి. మామ ఎండాకాలం పొద్దున ఆ చెంబు మాత్రం మానలేదు. చనిపోయే ముందు రోజు, ఆదివారం కూడా పోసి వెళ్ళాడు.

సోమవారం మెట్టు మీద నుంచి లేచి, ఆ పని ఇక నాదేనని చెంబు నింపుకుని వెనక్కి పోయాను. అప్పటికే మన్ను తడిసి ఉంది. ఖాళీ చెంబు పట్టుకుని నాయన నిలబడి ఉన్నాడు.

"బావ రాడు గదా ఇంగ" అన్నాడు.

నా చెంబు కూడా పోశాను. నీళ్ళన్నీ ఇంకిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.